మెరక ఎక్కే విద్య

తణుకు నుంచి ఏలూరు వైపు సైకిలు మీద పోయేవాడికి కొండతో పని లేదు. కాలువ గట్టో వంతెన ఎక్కుడో తప్ప మెరక కనిపించదు. మన వైపు సైకిలువాడికి అసలు శత్రువు ఎదురుగాలి. కొల్లేటి మీదుగా గాలి తిరిగిందంటే ఖాళీ సైకిలు కూడా బరువెక్కుతుంది. అలాంటప్పుడు ముందు పోయేవాడి వెనక చక్రానికి మూరెడు దూరంలో చేరితే కాళ్లకు ఎంత తేలికో డెల్టాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రపంచంలో పెద్ద సైకిలు పందేలన్నీ ఆ తేలిక మీదే నడుస్తాయి. చదును దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి శక్తిలో చాలా భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. వెనక నక్కినవాడికి అందులో దాదాపు మూడో వంతు ఆదా. టూర్ డి ఫ్రాన్స్‌లో వంద మందికి పైగా ఒకే గుంపుగా పోవడానికి కారణం అదే.

కొండ ఆ చాటును తీసేస్తుంది. వేగం ఇరవైకి పడిపోగానే గాలి అడ్డు తగ్గుతుంది, ఒంటి బరువు పైకి తేలుతుంది. ఆల్ప్స్‌లో పేరున్న ఎక్కుడు ఆల్ప్ డ్యుయెజ్. 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, సగటున నూరు మీటర్లకు ఎనిమిది మీటర్ల ఎత్తు. 1952లో టూర్ మొదటిసారి అక్కడికి ఎక్కినప్పుడు ఇటలీవాడు ఫాస్టో కొప్పి గెలిచాడు. సైకిలుతో కలిపి 68 కిలోలుండే మనిషి ఆ 1,100 మీటర్ల ఎత్తు 40 నిమిషాల్లో ఎక్కాలంటే బరువు మోయడానికే 300 వాట్లకు పైగా కావాలి. అంటే నాలుగు సీలింగ్ ఫ్యాన్లు తిప్పే కరెంటు రెండు కాళ్ల నుంచి ఆగకుండా రావాలి. పందెం సైకిలు 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండకూడదని నిబంధన. ఇక తగ్గించుకోగలిగేది ఒంటి బరువే. కొండలెక్కే ఆటగాళ్లు అంత సన్నగా ఉండేది అందుకే.

ఇక్కడ తణుకువాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇప్పటి పందేలలో ఆటగాళ్లు గంటకు 90 నుంచి 120 గ్రాముల దాకా పిండిపదార్థం మింగుతూ తొక్కుతారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పేగు నుంచి వేర్వేరు దారుల్లో లోపలికి పోతాయి కాబట్టి రెండూ కలిపి ఇస్తే ఎక్కువ ఇముడుతుంది. చెరకు పంచదారలో ఉండేవి ఆ రెండే, సగం సగం. 1947లో ఆంధ్రా షుగర్స్ మొదలైన ఊరివాళ్లు ఆల్ప్స్ పందేలను పరాయివిగా చూడనక్కర్లేదు.

1903లో మొదలైన టూర్ పెద్ద కొండల జోలికి వెళ్లింది 1910లో. పిరనీస్ దారులు చూసి రమ్మని నిర్వాహకులు అల్ఫాన్స్ స్టైనెస్‌ను పంపారు. 2,115 మీటర్ల టూర్మలే కనుమ దగ్గర కారు మంచులో ఆగిపోయింది. ఆయన రాత్రివేళ మంచులో పడుతూ లేస్తూ నడిచి దాటాడు. దాటాక, దారి బాగుందని పారిస్‌కు తంతి కొట్టాడు! ఆ వేసవిలో ఆక్టేవ్ లాపీజ్ ఆ దారిన సైకిలు తోసుకుంటూ, తొక్కుకుంటూ పైకి చేరి, నిర్వాహకులను హంతకులని తిట్టి, చివరికి ఆ ఏటి టూర్ తానే గెలిచాడు. 1913లో యూజీన్ క్రిస్తోఫ్‌కు టూర్మలే దిగుడులో ముందు ఫోర్కు విరిగింది. బయటివాళ్ల సాయం తీసుకోకూడదన్నది అప్పటి కట్టుబాటు. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింది ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తానే ఇనుము కాల్చి అతికించుకున్నాడు. ఒక కుర్రాడు తిత్తి ఊదాడని ఆయనకు శిక్ష వేశారు. ఆ శిక్ష చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

గేరు మార్చే యంత్రాన్ని టూర్‌లో అనుమతించింది 1937లో. అంతకు ముందు కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. ఇప్పుడు వేలి నొక్కుతో పని జరుగుతుంది గానీ ఎక్కే విద్య అంత తేలిక కాలేదు. అందులో మొదటి పాఠం ఓపిక పట్టడం. చదును నేల మీద పెరిగిన కాళ్లు మెరక మొదలవగానే అదే వేగం నిలబెట్టాలని చూస్తాయి. అయిదు నిమిషాల్లో ఊపిరి అందదు, ఆ తర్వాత కోలుకోవడానికి దారి చోటివ్వదు. తెలిసినవాడు అడుగునే తేలిక గేరులోకి దిగి, తన ఊపిరికి తగ్గ వేగం పట్టుకుని, పక్కవాడు దూసుకుపోయినా కదలడు. పాము మెలికలో లోపలి అంచు నిటారుగా ఉంటుంది. బయటి అంచున దూరం పెరిగినా కాలికి హాయి. దిగేటప్పుడు బ్రేకు మలుపుకు ముందే పట్టాలి, మలుపులో కాదు. బయటి వైపు పెడలు కిందికి నొక్కి, చూపు మలుపు చివర నిలపాలి. చెమట పట్టిన ఒంటికి దిగుడులో చలిగాలి తగలకుండా చొక్కా లోపల వార్తాపత్రిక దోపుకోవడం పాత అలవాటు.

ఇదంతా మన దేశంలో నేర్చుకునే చోట్లున్నాయి. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్‌లో కల్హట్టి ఎక్కుడు పేరున్నది. మసినగుడి వైపు నుంచి ఊటీకి 36 పాము మెలికలు. డెల్టావాళ్లకు అంత దూరం పోనక్కర్లేదు, రంపచోడవరం దాటితే మారేడుమిల్లి ఘాట్ ఉంది.

అయితే కొండ పందెంలో నన్ను కట్టిపడేసేది గెలిచేవాడి కాళ్లు కాదు. ప్రతి జట్టులో నాయకుడి కోసం తొక్కే సహాయకులుంటారు. ఎక్కుడు అడుగు నుంచి ఒకరి తర్వాత ఒకరు ముందు నిలిచి, ప్రత్యర్థి దూకడానికి వీల్లేనంత వేగం నడిపి, సత్తువ అయిపోగానే పక్కకు తప్పుకుంటారు. చాటు తగ్గినా ఆ నిలకడైన వేగమే నాయకుడికి రక్ష. 1934లో ఇరవయ్యేళ్ల రెనే వియెట్టో కొండల్లో అందరికన్నా మెరుగ్గా ఎక్కుతున్నాడు. పిరనీస్ దిగుడులో నాయకుడు ఆంటోనాన్ మాన్య చక్రం దెబ్బతింటే తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చి, సాయం వచ్చేదాకా గోడ మీద కూర్చుని ఏడ్చాడు. మర్నాడు మాన్య మళ్లీ చిక్కుకున్నాడని తెలిసి, దిగిన కొండ వెనక్కి ఎక్కి ఆదుకున్నాడు. మాన్య టూర్ గెలిచాడు, వియెట్టో అయిదో స్థానంలో ఆగాడు. తొమ్మిది దశాబ్దాల తర్వాత, 2023లో, అలాంటి సహాయకుడే అయిన సెప్ కుస్ స్పెయిన్ పందెం వుయెల్టా గెలిచాడు. అప్పుడు ఆయన జట్టులోని ఇద్దరు పెద్ద నాయకులు ఆంగ్లిరూ కొండ మీద ఆయన్ను వదిలి ముందుకు పోతే చూసినవాళ్లు ఊరుకోలేదు. ఊరుకోకపోవడమే న్యాయం.

టీవీ ఎక్కువగా చూపించని దృశ్యం వెనక ఉంటుంది. చదును దారిలో మెరుపు వేగంతో గెలిచే బరువైన ఆటగాళ్లు కొండ మీద చివరి గుంపుగా మిగిలిపోతారు. గెలిచినవాడి సమయానికి ఇంత శాతం కలిపి గడువు పెడతారు. అది దాటితే ఇంటికే. అందుకే ప్రత్యర్థి జట్లవాళ్లు కూడా అక్కడ వైరం మాని, లోయలో వంతులవారీగా గాలి కాస్తూ, ఎక్కుడులో ఎవరూ జారిపోని వేగం పట్టుకుని కలిసి చేరతారు. 2024 జూన్ 29న టూర్ మొదటి రోజే ఇటలీ కొండల్లో, ఎండకు వాంతులు చేసుకుంటూ, అలాంటి ఆటగాడే అయిన ముప్పై తొమ్మిదేళ్ల మార్క్ కావెండిష్ అందరికీ వెనకబడ్డాడు. జట్టులో కొందరు తమ పందెం వదులుకుని పక్కనే నిలిచి, నీళ్లు పోస్తూ గడువులోపల రిమిని చేర్చారు. నాలుగు రోజుల తర్వాత సాన్ వుల్బా చదును దారిలో ఆయన టూర్‌లో తన 35వ దశ, అంటే ఒక రోజు పందెం, గెలిచి అత్యధిక దశల విషయంలో పాతతరం ఆటగాడు ఎడ్డీ మెర్క్స్ రికార్డు దాటాడు.