వెనుక వరుస విమర్శ

బళేపేటలో వాద్యముల అంగళ్ల ముందు హార్మోనియము శ్రుతి వినబడినచో మాకు పద్యనాటకమే స్ఫురించును. నాటకమునకు మేము చౌక టిక్కెట్టునే కొందుము. లోభముచేత మాత్రమే కాదు. ముందు వరుసవారిని కిరీటములు, తెరలు మురిపించును. వెనుక వరుసవారికి పద్యమే గతి.

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగము’న రాయబార ఘట్టము నడచునపుడు, రాగాలాపనకు సభ యెల్ల ‘వన్స్ మోర్’ అనును. తెలుగు చదువ నేర్వని మా పిల్లవాడు మాత్రము ‘కృష్ణుడు ఏమన్నాడు?’ అని అడుగును. ఆ ప్రశ్నయే నిజమైన విమర్శ.

బళ్లారి రాఘవ (1880–1946) రాగముకంటె భావమునకే పెద్దపీట వేసెను. ఇంట తెలుగు సన్నగిల్లుచున్న మనకు ఆ మార్గమే శరణ్యము. నటులు చివరి వరుసకు మాట అందించిన పిమ్మటనే రాగము తీయుదురు గాక! నిర్వాహకులు ఆ వరుస వెల పెంచకుందురు గాక!