అంచున కోయాలి

పాలారు ఒడ్డున మా పళ్ళికొండ వైపు తలలో ఎక్కడ వెంట్రుకలు ఊడినా పేనుకొరుకుడే అంటారు. ఉల్లిపాయ రుద్దుతారు, లేదంటే జిల్లేడు పాలు పూస్తారు. నిజంగా పేనుకొరుకుడైతే చాలాసార్లు వెంట్రుకలు వాటంతటవే మొలుస్తాయి, పేరు ఉల్లిపాయకు దక్కుతుంది. మచ్చ కట్టే రకం అలా కాదు. అందులో కుదురే చచ్చిపోతుంది. ఉల్లిపాయతో గడిపిన నెలల్లో పోయిన జుట్టు ఇక రాదు.

గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంటి ఆమె ఒకరు వచ్చారు. "సిరసు పండగ లోపల ఎంటికలు వస్తాయా డాక్టరమ్మా?" తమిళ నెల వైకాసి ఒకటిన గంగమ్మ సిరసు ఊరేగే ఊరది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ ఆనించాను. చర్మం నున్నగా మెరుస్తోంది, వెంట్రుక బయటికొచ్చే రంధ్రాలు లేవు. పేనుకొరుకుడులో అవి పోవు. అంచున మిగిలిన వెంట్రుకల మొదళ్ళకు తెల్లటి పొట్టు గొట్టంలా చుట్టుకుని, కింద చర్మం ఎర్రగా ఉంది. మచ్చ కట్టే రకాల్లో లైకెన్ ప్లానోపిలారిస్ కావచ్చు. అయినా చెవి గుంటలు తిప్పి చూశాను, అదే కోవకు చెందిన డిస్కాయిడ్ లూపస్ తరచుగా అక్కడా ఆనవాలు పెడుతుంది. నోరు, గోళ్ళు కూడా చూశాను.

ఇక బయాప్సీ. బోడి అయిన చోటే కోయాలని అందరూ అనుకుంటారు. అక్కడ దొరికేది మచ్చే, పాత మచ్చలన్నీ మైక్రోస్కోప్ కింద ఇంచుమించు ఒకేలా ఉంటాయి. జబ్బు ఇంకా నడుస్తున్న అంచున, వెంట్రుకలున్న చోట కోయాలి. 4 మిల్లీమీటర్ల పంచ్‌ను వెంట్రుక వాలిన వైపే వంచి దింపాలి, నిటారుగా దింపితే కుదుళ్ళు మధ్యలో తెగుతాయి. కొవ్వు కనబడేదాకా పోవాలి, పెద్ద వెంట్రుకల మొదళ్ళు అక్కడిదాకా దిగి ఉంటాయి. మత్తుసూదిలోని అడ్రినలిన్ పట్టేదాకా పది నిమిషాలు ఆగాలి, నెత్తి రక్తం ఓ పట్టాన ఆగదు. వీలైతే రెండు ముక్కలు తీస్తాను, ల్యాబ్‌లో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కోస్తారు. 1984లో హెడింగ్టన్ వివరించిన అడ్డకోతలో ముక్కలోని కుదుళ్ళన్నీ ఒకేసారి కనబడతాయి.

ఫారంలో 'జుట్టు రాలడం' అని ముక్తసరిగా రాసి పంపేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడ కోశామో, దేన్ని అనుమానిస్తున్నామో చెప్పకపోతే పాథాలజిస్టు మాత్రం ఏం చేస్తారు?

రిపోర్టులో కుదురు పైభాగం చుట్టూ లింఫోసైట్లు, వాటి బయట నారపొర. కొత్త వెంట్రుకకు మూలకణాలు ఉండేది ఆ పైభాగంలోనే. పోయినవి రావనీ, మందులు ఉన్నవాటిని కాపాడటానికేననీ చెప్పాను.

"సరే, సవరం కట్టుకుంటా. ఉండేదాన్ని నిలబెట్టండి" అన్నారామె. బిగించి మాత్రం కట్టొద్దన్నాను.