పాతకాలపు అక్షరం, కొత్తకాలపు ఆహ్వానం

ఉగాది కార్యక్రమానికో, గృహప్రవేశానికో తెలుగులో ఆహ్వానపత్రిక వేయించాలంటే కువైట్‌లోని మనవాళ్ళకు ఇప్పుడు అక్షరాల కరువు లేదు. ఉన్న అక్షరాన్ని ఎక్కడ వాడాలన్న విచక్షణకే కొంత కరువు. ఆ మాట చెప్పుకోవడానికి "రవి ప్రకాశ్" అనే ఫాంటు మంచి ఉదాహరణ. అప్పాజీ అంబరీష దర్భా 2013లో దీన్ని రూపొందించారు. ధూర్జటి, పెద్దన, గిడుగు, గురజాడ పేర్లతో వచ్చిన ఫాంట్ల మాదిరిగానే దీన్నీ సిలికానాంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్ముకోవడానికి మాత్రం వీలులేదు.

శీర్షికలకూ, పోస్టర్లకూ, శుభలేఖలకూ ఉద్దేశించిన పాతకాలపు ధోరణి అక్షరం ఇది. అయితే ఆ పాతకాలం ఏది? సీసపు అచ్చుల కాలం కాదు. గుణింతాలకూ వత్తులకూ వందలకొద్దీ అచ్చులు పోతపోయించుకోవలసిన తెలుగు ప్రెస్సుకు పుస్తకానికొక అక్షరం, పండుగకొక అక్షరం కొనే స్తోమత ఎక్కడిది? అలంకారం కావలసివస్తే చిత్రకారుడు కుంచె పట్టేవాడు, దాన్ని జింకు బ్లాకు చేయించేవారు. "పాతాళభైరవి" (1951), "మాయాబజార్" (1957) రోజుల సినిమా పేర్లు అలా చేతిరాతలో పుట్టినవే. బాపు (1933-2014) చేతిరాత అయితే అచ్చక్షరాలతో సమానంగా తెలుగువారికి అలవాటైపోయి, చివరకు తానే ఫాంటుగా మారింది. కనుక ఈ ధోరణి గుర్తుచేసేది ప్రెస్సును కాదు, కుంచెను.

ఇక్కడే మొదటి చిక్కు. కుంచె పట్టినవాడు "కనకం" అని రాస్తే రెండు "క"లు ఒకే తీరున ఉండవు. పక్క అక్షరాన్ని చూసి ఒకటి ఒదుగుతుంది, మరొకటి సాగుతుంది. ఫాంటులో రెండూ అచ్చుగుద్దినట్టుంటాయి. రెండు మూడు మాటల శీర్షికలో ఈ లోటు కనపడదు. పేరా అంతా నింపితే అదే ఒంపు పదేపదే వచ్చి విసుగు పుట్టిస్తుంది. ఇది ఫాంటు తప్పు కాదు, దానికి అప్పగించిన పని తప్పు.

ఈ పని విభజన మనం ఉంటున్న దేశంలో కళ్ళెదుటే ఉంది. అరబ్బీలో పుస్తకానికి నస్ఖ్, రోజువారీ చేతిరాతకు రుకా, మసీదు గోడలకూ శీర్షికలకూ సులుస్ అని లిపిశైలులను శతాబ్దాల క్రితమే వేరుపరచుకున్నారు. సులుస్‌లో గ్రంథమంతా రాయాలని ఎవరూ అనుకోరు. మనకు అచ్చులో ఆ విభజన ఆలస్యంగా వచ్చింది. రవి ప్రకాశ్ వంటి అక్షరాల అసలు ప్రయోజనం మనకూ ఒక శీర్షికాలిపి చేతికందడమే.

రెండో చిక్కు చదవడంలో ఉంది. తెలుగులో "ద"కూ "ధ"కూ తేడా అడుగున చిన్న గీత. "థ"కు ఆ గీతతోపాటు కడుపులో చుక్క. "ప"కూ "ష"కూ తేడా లోపలి చిన్న మెలిక. మందపు గీతల అక్షరాన్ని చిన్న సైజులో అచ్చువేస్తే మొదట పూడిపోయేవి ఈ సందులే. సైక్లోస్టైల్ రోజుల్లో స్టెన్సిల్ కోసినవారికి ఇది అనుభవమే. మందపు గీత గీస్తే మైనపు కాగితం చిరిగి సిరా ముద్దయ్యేది. అందుకని పెద్ద అక్షరాలను బయటిగీతలతో, లోపల ఖాళీగా వదిలేవారు. కంప్యూటర్ చిరగదు కనుక మనకు ఆ హెచ్చరిక లేకుండాపోయింది. "రాష్ట్రం", "స్వర్ణోత్సవం" వంటి మాటలకు కింద వత్తులు దిగుతాయి. వాటికి చోటివ్వక వరుసలు దగ్గరగా పేరిస్తే వత్తులు కింది వరుస గుడులను ఢీకొంటాయి.

పెద్దవాళ్ళం మనం అలవాటు కొద్దీ మాటను ఒక్క చూపులో చదివేస్తాం. ఇక్కడ పుట్టి పెరిగి, ఇంట్లో అమ్మ దగ్గరో సెలవురోజు తరగతిలోనో అక్షరాలు దిద్దుకున్న పిల్లలు అలా చదవలేరు. ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చుకుంటూ కూడబలుక్కుంటారు. "ధ"నో "ద"నో తేలకపోతే పక్కనున్న ఇంగ్లీషు వరుసకు జారుకుంటారు. అప్పుడు ఆ తెలుగు వరుస వాళ్ళకు రంగవల్లిలాంటిది, చూడటానికే గాని చదవడానికి కాదు. వాళ్ళు చదవాలనేగా అంత శ్రమపడి తెలుగులో వేయించాం!

అలాగని అలంకారం మానుకోమనడం లేదు. బొద్దుగా, ఒయ్యారంగా ఉన్న పెద్ద అక్షరాన్ని చూసి పిల్లవాడికి తెలుగు మీద ముచ్చట కలిగితే అంతకంటే ఏం కావాలి? కార్యక్రమం పేరు ఒక్క వరుసలో, పెద్ద సైజులో రవి ప్రకాశ్‌లో వేయండి. తేదీ, వేళ, చోటు, పాల్గొనేవారి పేర్లు సాదా అక్షరంలో వేయండి. ఇది యూనికోడ్ ఫాంటు కనుక ఒకసారి టైపుచేసిన మాటను మళ్ళీ కొట్టకుండానే మరో ఫాంటులోకి మార్చుకోవచ్చు. అచ్చుకు పంపేముందు కాగితాన్ని ఇంట్లో పదేళ్ళ పిల్లకో పిల్లవాడికో ఇచ్చి పైకి చదివించండి. ఎక్కడ ఆగితే అక్కడ అక్షరం మార్చండి.