ఇంటిమనిషి ‘లాగా’

‘వాళ్లు నన్ను ఇంటిమనిషిలాగా చూసుకున్నారు’ అని ఎవరైనా అంటే మనం దాన్ని మెచ్చుకోలుగానే వింటాం. ఆ మాటలో ‘లాగా’ అన్నది ఏం పని చేస్తోందో ఆలోచించం. ఇంటిమనిషిని ఎవరూ ఇంటిమనిషిలాగా చూసుకోరు. అతనితో కొట్లాడతారు, అతని మీద విసుక్కుంటారు, ఆస్తి పంచేటప్పుడు అతని వాటా అతనికి ఇస్తారు, లేదా ఎగ్గొట్టాలని చూస్తారు. ఎగ్గొట్టాలంటే ముందు వాటా అంటూ ఉండాలి కదా. ‘లాగా’ వచ్చిన చోట వాటా ప్రసక్తి లేదు.

ఊరుగాని ఊరివాడు ఒక గడపలోకి వచ్చి ఆప్తుడైపోయే కథలు మనకు చాలా ఉన్నాయి. మొదట అనుమానిస్తారు. తరవాత పసిపిల్లో, ముసలితల్లో అతన్ని దగ్గరకు తీస్తుంది. చివర అతను వెళ్లిపోతాడు, మనం కళ్లు తుడుచుకుంటాం. ఇటువంటి కథల్ని బూర్జువా మానవతావాదమని ఒక్క మాటతో తోసిపారేసే విమర్శకులు మనలో ఉన్నారు. నేను వారి పక్షం కాను. ఆ కన్నీళ్లు బూటకం కావు. కాని ఈ బంధుత్వం కోసం ఆ ఇల్లు ఏం వదులుకుంది? రచయిత ఆ లెక్క చూపించాడా, దాచాడా? కథ విలువ ఇక్కడే తేలుతుంది.

రవీంద్రుడు ఆ లెక్క చూపించాడు. 1892 నాటి ‘కాబూలీవాలా’ను మనవాళ్లు పిల్లల పాఠంగా చదివి పాడుచేశారు గాని, అది చాలా కఠినమైన కథ. రహమత్ కాందిశీకుడు కాడు, ఏటేటా వచ్చిపోయే వర్తకుడు. అయినా తరవాతి కథలకు అచ్చు పోసింది అతనే. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి పొడిచి జైలుకు పోతాడు. అతను జైల్లో ఉన్న ఏళ్లలో ఆ ఇల్లు ఏం చేసింది? మరిచిపోయింది. మినీ కూడా మరిచిపోయింది. ఈ సంగతి రవీంద్రుడు దాచలేదు. పెళ్లినాడు రహమత్ తిరిగి వచ్చి, తన కూతురి చేతి అచ్చు ఉన్న కాగితం చూపించినప్పుడు మినీ తండ్రి కరిగిపోయి డబ్బిస్తాడు. ఆ డబ్బు కోసం పెళ్లి దీపాలూ బాండుమేళమూ తగ్గించుకోవలసి వస్తుంది, ఇంట్లో ఆడవాళ్లు సణుగుతారు. మినీ తండ్రి హృదయ వైశాల్యం ఎంతో మనకు ఆ తగ్గిన దీపాల్లోనే తెలుస్తుంది. అది పెద్ద మొత్తమేమీ కాదు. పెద్ద మొత్తమని రవీంద్రుడు నమ్మించబోలేదు కూడా.

ఇదంతా ఇప్పుడెందుకు ఎత్తుకున్నానంటే, మా పాకాలలో కొందరు విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ అనే మలయాళ చిత్రం చూసి, రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. 2018లో జకరియా తీసిన చిత్రం అది. ఆ ఏటి ఉత్తమ మలయాళ చిత్రంగా జాతీయ బహుమతి కూడా వచ్చింది. మలప్పురం ప్రాంతంలో ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్ పోటీలున్నాయి. వాటికి ఆఫ్రికా నుంచి ఆటగాళ్లను రప్పిస్తారు. అలా వచ్చిన సామ్యూల్‌కు దెబ్బ తగిలి మంచం పడితే, క్లబ్బు మేనేజరు మజీద్ అతన్ని ఇంటికి తీసుకొస్తాడు. క్లబ్బులో డబ్బు లేదు, మజీద్ జేబులోనూ లేదు. ఆ ఆతిథ్యం వెనక లేమి కూడా ఉందని చిత్రం దాచకపోవడం బాగుంది.

మజీద్ తల్లి జమీల, ఆమె పొరుగింటి స్నేహితురాలు బీయుమ్మ, ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. సామ్యూల్‌కు మలయాళం రాదు. ఈ ముగ్గురి మధ్యా నడిచే సంభాషణను దర్శకుడు హాస్యానికి వాడుకున్నాడు గాని అపహాస్యం చెయ్యలేదు. సావిత్రీ శ్రీధరన్, సరస బాలుశ్శేరి నటించినట్లే ఉండదు. ఎక్కడో దూరాన సామ్యూల్ అవ్వ చనిపోయిందని కబురు వస్తే, ఈ తల్లులు తమ మతాచారం ప్రకారం ఆమె పేర ప్రార్థన జరిపిస్తారు. తానెన్నడూ చూడని ఒక క్రైస్తవ ముసలమ్మకు మలప్పురం ముస్లిం స్త్రీ చేసే కర్మ అది. మన దేశంలో ఈ పదేళ్లలో ఇంత నిబ్బరంగా రాజకీయం మాట్లాడిన దృశ్యం అరుదు. అందులో ఒక్క రాజకీయపు మాట కూడా లేదు.

అయితే ఆ ఊళ్లో సామ్యూల్‌ను అందరూ ‘సుడానీ’ అంటారు. అతనిది నైజీరియా. నల్లవాడైతే చాలు, సుడానీయే. అతను చెప్పి చూస్తాడు, ఎవరూ పట్టించుకోరు. ఈ ఎగతాళిని చిత్రం తన పేరులోనే పెట్టుకుంది. తరవాత పాస్‌పోర్టు పోతుంది, పోలీసుల భయం మొదలవుతుంది. సామ్యూల్ అసలు సంగతి అప్పుడు బయటపెడతాడు. తాను అంతర్యుద్ధంలో అన్నీ పోగొట్టుకొని శరణార్థి శిబిరంలో బతికినవాడు, తన పాస్‌పోర్టు సక్రమంగా వచ్చింది కాదు. శరణార్థుల విషయమై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. ఆనాడు అమల్లో ఉన్న 1946 నాటి విదేశీయుల చట్టానికి కాగితం లేని సామ్యూల్ ఒట్టి నేరస్థుడు. 2025లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది. శరణార్థి అనేవాడొకడు ఉంటాడని అదీ గుర్తించలేదు. జమీల వండిపెట్టినంత మాత్రాన అతనికి నిలువ నీడ దొరకదు. ఆ సంగతి చిత్రానికి తెలుసు, కాని తెలిసినంతగా చెప్పలేదు. అతన్ని విమానం ఎక్కించి మనకు ఊపిరి పీల్చుకునే వీలు కల్పించింది. వెళ్లలేకపోతే ఏం జరిగేది? ఆ చిత్రం తీయడం ఇంకా కష్టం.

‘సుడానీ’ అన్న మాట వినగానే నాకు మా ఇంటి సంగతి గుర్తుకొచ్చి సిగ్గేసింది. నా చిన్నతనంలో పాకాల జంక్షనులో కాట్పాడి బండీ ధర్మవరం బండీ కలిసే వేళకు టీ అమ్మే మనిషి ఒకాయన ఉండేవాడు. ఊరందరికీ ఆయన ‘సిలోనాయన’. కండీ కొండల్లో తేయాకు తోటలో పుట్టి పెరిగినవాడు. 1948లో సిలోను చేసిన పౌరసత్వ చట్టం అటువంటి లక్షలమందిని ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని పంచుకున్నారు: ఇండియాకు 5,25,000 మంది, సిలోనుకు 3,00,000 మంది. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగం చేశారు. మనుషుల్ని ఇలా పుట్లకొద్దీ కొలిచాక, తలైమన్నారులో ఓడ ఎక్కించి రామేశ్వరంలో దించారు. వాళ్లు ‘స్వదేశానికి తిరిగి వచ్చినవాళ్లు’ అని సర్కారు రాసుకుంది. ఎన్నడూ చూడని దేశానికి తిరిగి రావడమెట్లాగో ఆ రాసినవాళ్లకే తెలియాలి. మన భాషలో ‘కాందిశీకుడు’ అని ఒక మాట ఉంది, ఏ దిక్కుకు పోదును అనుకునేవాడు అని దాని అర్థం. సర్కారు మాటకంటే ఈ మాటలో నిజం ఎక్కువ.

సామ్యూల్‌కు కాగితం లేదు. సిలోనాయనకు కాగితం ఉంది, ఆయన అచ్చమైన భారత పౌరుడు. అయినా పరాయివాడే. మా అవ్వ మాత్రం ఆయన్ని ‘అబ్బోడా’ అనేది. ఆయన మా నాయనను ‘అన్నా’ అనేవాడు. పిల్లలందరికీ ‘చిన్నాయన’. పొద్దున బండ్లు వెళ్లిపోయాక వచ్చి తిన్నె మీద కూర్చుంటే, అవ్వ సంగటిముద్దా ఊరిబిండీ తెచ్చి పెట్టేది. తిన్నె మీదనే. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. మా అక్క పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర మూడు రోజులు నిలబడినవాడు ఆయన. పెళ్లి ఫోటోల్లో లేడు.

టీ బండి తీసేసి చిన్న అంగడి పెట్టుకుందామని ఆయన అప్పుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. జీతగాడు ఎవరైనా జామీను ఉండాలన్నారు. మా నాయన రైల్వే ఉద్యోగి. ఆ కాగితం మా ఇంట్లో గూట్లో నెలరోజులు ఉంది. నాయన చెడ్డవాడు కాడు. ‘మనోడే, కాదనను. రేపు జీతంలో పట్టుకుంటే పిల్లోళ్ల చదువులేం కావాల?’ అన్నాడు. ఆ వాదన తప్పని ఇప్పటికీ నేను గట్టిగా అనలేను. కాగితం సంతకం లేకుండానే తిరిగి వెళ్లింది. సిలోనాయన పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు కూడా వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు, అవ్వ సంగటి పెట్టింది, మేం ‘చిన్నాయనా’ అనే పిలిచాం. కొన్నేళ్లకు ఆయన నీలగిరి కొండలకు వెళ్లిపోయాడు. సిలోను నుంచి వచ్చినవాళ్ల కోసమని తమిళనాడు సర్కారు 1968లో అక్కడ తేయాకు తోటలు పెట్టింది. కండీలో విడిచిన గంపనే మళ్లీ తలకు తగిలించుకొని ఉంటాడు. మా ఇంట్లో ఆయన్ని తలచుకున్నప్పుడల్లా ‘ఇంటిమనిషిలాగా ఉండేవాడు’ అంటారు.

చిత్రం విడుదలైన కొద్దిరోజులకు సామ్యూల్ పాత్రధారి, నైజీరియా నటుడు సామ్యూల్ రాబిన్సన్, తాను నల్లవాడు కనక తక్కువ పారితోషికం ఇచ్చారని బహిరంగంగా ఆరోపించాడు. నిర్మాతలు ఒప్పందం ప్రకారమే ఇచ్చామన్నారు. తరవాత రాజీ కుదిరింది, జాతివివక్ష లేదని అతనే ప్రకటించాడు. మా చర్చలో ఒక ఉపాధ్యాయుడు, నటుడి కూలికీ కళకూ సంబంధమేమిటని అడిగాడు. ఉంది. తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. తెరమీద జమీల చేతి అన్నం తిన్న మనిషి తెర వెలుపల ‘నా జీతం ఎంత?’ అని అడిగితే మనలో చాలామంది నొచ్చుకున్నాం. ఇంత ప్రేమ చూపించాక డబ్బు అడగడమేమిటి అనుకున్నాం. అంటే ప్రేమను మనం జీతం కింద జమకట్టాం. సిలోనాయన సంగటి కూడా అలాగే జమ అయింది.

ఒక డిగ్రీ విద్యార్థిని నాతో ఒప్పుకోలేదు. ‘మీరు మజీద్ సవతితండ్రిని మరిచిపోయారు సార్’ అంది. నిజమే, మరిచిపోయాను. చిత్రంలో మజీద్ తన తల్లి రెండో భర్తతో మాట్లాడడు. ఆ ముసలాయన కాపలా ఉద్యోగం చేసుకుంటూ, కొడుకు లేని వేళ చూసి ఇంటికి వచ్చిపోతుంటాడు. సామ్యూల్ పక్కన కూర్చుని, రాని ఇంగ్లీషులో తాను తండ్రినని చెప్పుకుంటాడు. ఆ ఇంట్లో ‘లాగా’ బతుకు బతుకుతున్నది ముందు అతనే. పరాయివాడికి గడప తెరిచిన మజీద్ ఈ మనిషికి తెరవలేదు. సామ్యూల్ వెళ్లాకే తెరుస్తాడు. కాందిశీకుడికి ఆ ఇల్లు ఇవ్వగలిగింది కొంచెమే గాని, ఆ ఇంటికి కాందిశీకుడు ఇచ్చిపోయింది ఇదీ అని ఆమె వాదం. సామ్యూల్ అడిగింది పాస్‌పోర్టు కదమ్మా అన్నాను. ‘అదీ నిజమే’ అంది, కాని తన మాట వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి మా తిన్నె మీద చాలాసేపు కూర్చున్నాను.