నాలుగు పాదాల్లో బయోడేటా

తిరుపతి వేంకట కవులనే జంటకవుల పద్యం ఒకటుంది. పాతతరం తెలుగు మాస్టార్లు పాఠం మధ్యలో దాన్ని గొంతెత్తి వినిపించేవారు. ఏనుగులెక్కామంటారు అందులో. రాజులు మొక్కారంటారు, సన్మానాలు, బహుమానాలు పుచ్చుకున్నామంటారు, ఎవరినీ లెక్కచెయ్యకుండా దిగ్విజయం చేసి ప్రజ్ఞావంతులమని పేరు తెచ్చుకున్నామంటారు. నాలుగు పాదాల ఉత్పలమాల. "అబ్బో, ఎంత పొగరు!" అని వినేవాడు అనుకునేలోగా చివరి మాట పడుతుంది: ఇదంతా నీ వల్లనే, సరస్వతీ అని. అంతవరకూ సొంత డబ్బాలా వినిపించినది ఆ ఒక్క సంబోధనతో అమ్మవారి స్తోత్రం అయిపోతుంది. తప్పుపట్టబోయినవాడు చేతులు జోడించక తప్పదు.

రాతపని మీద బతికేవాళ్ళు కొత్త క్లయింటుకు తమను తాము పరిచయం చేసుకోవడానికి ఎంత అవస్థపడతారో తెలిసిందే. తగ్గి రాస్తే ఎవరూ చూడరు, పెంచి రాస్తే నవ్వుతారు. ఈ పద్యంలోని పనితనం అక్కడే ఉంది. చేసిన పనులన్నీ వరసగా చెప్పారు, ఒక్కటీ దాచలేదు. చెప్పింది మాత్రం కొనేవాడితో కాదు, పక్కన ఉన్న దేవతతో. కొనేవాడు వింటున్నాడంతే. ఇంకో సంగతి చూడండి. క్రియలన్నీ బహువచనంలోనే ఉంటాయి. ఎక్కింది ఎవరో, పుచ్చుకున్నది ఎవరో విడదీసే వీల్లేదు.

ఆ జంటలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో పుట్టారు. ఒకరిది భీమవరం దగ్గరి యండగండి, ఇంకొకరిది కడియం. ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి శిష్యులు. పందొమ్మిదో శతాబ్దపు చివరి పదేళ్ళలో తెలుగు రాసి బతకాలంటే దారులు తక్కువ. బళ్ళో పండితోద్యోగం, లేదా ఒక జమీందారు ఆస్థానం. పుస్తకం అచ్చువేసి అమ్ముకుని బతకగలిగేంత మంది పాఠకులు ఇంకా తయారు కాలేదు. అటు గోదావరి, విశాఖ జిల్లాల ఎస్టేట్లు, ఇటు నైజాంలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు లాంటి సంస్థానాలు, దక్షిణాన వెంకటగిరి. ఈ మూడు దిక్కులూ ఒకదానికొకటి దూరమే. ప్రతి చోటా దివాను ఒకరు, ఆయనకు ముందు ఆస్థాన పండితులు. కొత్తగా వచ్చిన కవికి వాళ్ళు ఎదురేగి స్వాగతం చెబుతారని ఎవరూ ఆశించరు. ఆస్థానంలో పంచుకోవలసిన అన్నం అంతే ఉంటుంది మరి.

ఈ చిక్కుకు జంటకవులు వాడిన తాళంచెవి అవధానం. దాన్ని వాళ్ళు కనిపెట్టలేదు. మాడభూషి వేంకటాచార్యులు వంటివారు అంతకుముందే చేశారు. వేంకటశాస్త్రి కాశీ ప్రయాణానికి డబ్బు కూడబెట్టుకోవడానికి అవధానాన్నే నమ్ముకున్నాడు. అంటే అందులో సంపాదన ఉందని పిన్న వయసులోనే కనిపెట్టాడు. తర్వాత కాకినాడలో ఇద్దరూ కలిసి శతావధానం చేశారు. అక్కణ్ణుంచి ఇక విడిగా లేరు.

అవధానం జ్ఞాపకశక్తి ప్రదర్శన అని చాలామంది చెప్పి వదిలేస్తారు. రాతపనివాడి కళ్ళతో చూస్తే అది వేరుగా కనిపిస్తుంది. రాసిన పద్యం తెచ్చి చూపిస్తే ఎవరిదో, ఎప్పటిదో అని అనుమానం వస్తుంది. అవధానంలో సరుకు కొనేవాడి కళ్ళముందే, కొనేవాడు పెట్టిన షరతులతో తయారవుతుంది. అనుమానానికి చోటెక్కడ?

నిషిద్ధాక్షరినే తీసుకోండి. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ఒక విషయం ఇచ్చి కందం చెప్పమంటాడు. అవధాని "శ్రీ" అంటాడు. రాముడి దగ్గరికి పోతున్నాడని పృచ్ఛకుడికి అనుమానం, "ర వద్దు" అంటాడు. అవధాని "క" అంటాడు. ఈసారి శ్రీకరం కాబోలని మళ్ళీ "ర వద్దు" అంటాడు. అవధాని తాపీగా "ళ" అంటాడు. శ్రీకళ అనే మాట నిలిచింది. సభ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటుంది. అక్షరానికొక అడ్డంకితో ఒక పాదం అయ్యేసరికి ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు, అవతలివాడు ఊహించిన దారిలో పోకూడదు. ఈలోగా సమస్య ఇచ్చినవాడు, దత్తపది ఇచ్చినవాడు, వర్ణన అడిగినవాడు తమ వంతు కోసం చూస్తుంటారు. గంట కొట్టేవాడు ఎన్ని కొట్టాడో గుర్తుంచుకోవాలి. అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి, మీ ఊళ్ళో వంకాయలు ఏ ధర పలుకుతున్నాయండీ అంటాడు. దానికీ సభ నవ్వేలా జవాబు చెప్పాలి. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం. నాలుగు ఆవృత్తులయ్యాక ఎక్కడా కాగితం చూడకుండా పద్యాలన్నీ మొదటినుంచి అప్పజెప్పాలి. అదే ధారణ.

నన్ను ఆశ్చర్యపరిచేది ధారణ కంటే పృచ్ఛకుల ఏర్పాటు. వాకిట్లో అడ్డుపడవలసిన ఆస్థాన పండితుణ్ణే తెచ్చి పృచ్ఛకుడి పీట మీద కూర్చోబెడుతుంది అవధానం. ఆయన ఎంత గట్టి సమస్య ఇస్తే ఆయన పాండిత్యం అంత గొప్పది. కవి దాన్ని పూరిస్తే ఆ గొప్పలో ఆయనకూ వాటా ఉంటుంది. అడ్డం నిలబడవలసిన మనిషి భాగస్వామి అయ్యాడు. ఇక శతావధానంలో వందమంది పృచ్ఛకులు. ప్లీడర్లు, బడిపంతుళ్ళు, కరణాలు, ఆస్థానం మనుషులు. ప్రతివాడూ తను అడిగిన విషయం మీద, తన కోసమే పుట్టిన పద్యం ఒకటి ఇంటికి పట్టుకెళతాడు. రేపు కచేరీలో వినిపిస్తాడు, ఎల్లుండి పెళ్ళిలో వినిపిస్తాడు. ఒక్క సభతో వందమంది ప్రచారకులు తయారైనట్టే. వాళ్ళకు జీతం ఇవ్వక్కర్లేదు కూడా.

పేరు విషయంలోనూ అంతే నేర్పు. పద్యం ఎవరి నోట వచ్చినా పేరు ఇద్దరిదీ. ఇది నీది, ఇది నాది అన్న లెక్క బయటివాడికి ఎప్పుడూ దొరకనివ్వలేదు. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా వేంకటశాస్త్రి జంట పేరునే కొనసాగించారు. స్నేహం కొద్దీ చేశారని అందరూ అంటారు, నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళు కష్టపడి నిలబెట్టిన పేరు విలువ ఆయనకు తెలియదని నేననుకోను. రెండు కారణాలూ ఒక మనిషిలో ఇమడగలవు.

మీసాల సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. సంస్కృతం చదువుకున్న బ్రాహ్మణ కవులకు మీసాలేమిటని అడిగితే, సంస్కృతాంధ్రాలు రెండింట్లోనూ కవులం మేమే అని తెలియజెయ్యడానికే పెంచాం, కాదన్నవాళ్ళు గెలిచి చూపిస్తే తీసేస్తాం అని పద్యంలో సవాలు విసిరారు. అప్పటినుంచి వాళ్ళ మొహాలు చూసినవాడికల్లా ఆ సవాలు గుర్తొస్తుంది. బోర్డు కట్టక్కర్లేదు, కరపత్రం వెయ్యక్కర్లేదు. కాకపోతే సవాలు విసిరాక స్వీకరించేవాళ్ళు రాక మానరు. కొప్పరపు కవులతో, వేంకట రామకృష్ణ కవులతో ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. గీరతం అని పుస్తకమే వచ్చింది. ఆ వివాదాల్లో పేరు మారుమోగిన మాట నిజం. అందులో ఖర్చయిన సిరాతో ఇంకో రెండు మంచి కావ్యాలు వచ్చేవన్నది కూడా నిజమే అని నాకనిపిస్తుంది. ఈ ఒక్క చోట వాళ్ళ వ్యాపారం వాళ్ళ కవిత్వాన్ని కొంచెం తినేసింది.

నోటి మాట గాలిలో పోకుండా చూసుకోవడం వాళ్ళ పద్ధతిలో మరో భాగం. ఏ సంస్థానంలో ఏ పద్యం చెప్పారో పోగుచేసి నానారాజ సందర్శనం అని అచ్చువేశారు. అవధాన పద్యాలు శతావధానసారంగా వచ్చాయి. నానారాజ సందర్శనం అన్న పేరే చూడండి. కొత్త ఊళ్ళో దివాను చేతిలో అది పెడితే, ఇంతకుముందు ఎవరెవరు పిలిచారో వేరే చెప్పనక్కర్లేదు. పక్క సంస్థానం పేరు అందులో ఉండి తమ సంస్థానం పేరు లేకపోతే జమీందారుకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

లోటు ఉన్నది ధర దగ్గర. అంత నేర్పరులు కూడా ఇంత ఇవ్వండి అని ముందు అడగగలిగే వ్యవస్థ కాదది. నూటపదహార్లో, వెయ్యినూటపదహార్లో, ఒట్టి శాలువాతో సరో సభ ముగిసేదాకా తెలియదు. అందుకే నిలకడైన పని దొరికినప్పుడు వదులుకోలేదు. పోలవరం జమీందారు ఆదరించారు, ఎడ్విన్ ఆర్నాల్డ్ రాసిన లైట్ ఆఫ్ ఏషియాను తెలుగు చెయ్యమన్నారు. బుద్ధచరిత్ర అలా వచ్చింది. 1901లో కాకినాడకు మకాం మార్చారు. వేంకటశాస్త్రి తర్వాత బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితుడిగా నెలజీతానికి కుదిరారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన దగ్గర చదువుకున్నది అక్కడే. ఊరూరా తిరిగి సంపాదించుకున్న పేరు ఒక బళ్ళో కూర్చుని తెలుగు సాహిత్యానికి అంత పని చెయ్యడం ఆ జీతగాడి లెక్కల్లో రాని ఆదాయం.

ఇంత శ్రమపడి అమ్మిన అవధాన పద్యాలను ఇవాళ పండితులు తప్ప ఎవరూ చదవరు. జనం నోట నిలిచినవి వాళ్ళ పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు. రాయబారం సీనులో కృష్ణుడు రాగం ఎత్తుకుంటే రాత్రి రెండింటికి కూడా వన్స్‌మోర్ పడేది. ఆ పద్యాలను నాటక సమాజాలు హార్మోనియం వేసుకుని ఊరూరా మోసుకెళ్ళాయి. ప్రతి సభలో కొత్త మనిషికి చెవికెక్కేలా, ఒక్కసారి వింటే అర్థమయ్యేలా పద్యం చెప్పడం అలవాటైన నాలుక కాబట్టే నాటకంలో మాట అంత తేలిగ్గా నడిచిందని నేను గట్టిగా నమ్ముతాను. సభలో శాంపిల్‌గా చూపించిన సరుకు సాధనగా పనికొచ్చింది.

వాళ్ళ పద్ధతికి అనుకరణలు వెంటనే మొదలయ్యాయి. వేంకట రామకృష్ణ కవులు, కొప్పరపు కవులు, వేంకట పార్వతీశ కవులు. జంట పేరు పెట్టుకోవడం తెలుగు కవిత్వంలో ఒక తరహా అయిపోయింది. ఆఖరికి చెళ్ళపిళ్ళ శిష్యులే పింగళి కాటూరి కవులై సౌందరనందం రాసి గురువుకే అంకితమిచ్చారు. అంకితం పుచ్చుకునే చోటికి రాజులకు బదులు కవి వచ్చాడు.

1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రిని ఆస్థానకవిని చేసింది. అప్పటికి జమీందారీలు రద్దు దారిలో ఉన్నాయి. ఎనభైకి చేరువైన ఆ పెద్దాయన్ని ఒక నిషిద్ధాక్షరి చేసి చూపించమని అడగవలసిన అవసరం ఏ మంత్రికీ లేకపోయింది.