కార్చిచ్చుకు లెక్క కట్టు విధము
పల్నాటి అడవుల దృష్ట్యా ఒక విమర్శ

పల్నాటిసీమ ఎండలకు పేరుపొందినది. రెంటచింతలలో నమోదగు వేసవి ఉష్ణోగ్రతలు ఏటేట పత్రికల కెక్కుచుండును. అట్టి ఎండలు ఇంకను ముదరకమునుపే, మాఘ ఫాల్గుణ మాసములలోనే, మాచర్లకు పడమటను దక్షిణమునను వ్యాపించియున్న నల్లమల కొండలలో ఆకు రాలుట మొదలగును. నల్లమద్ది, చిరుమాను, తునికి, టేకు చెట్ల క్రింద ఎండుటాకులు పాదము మునుగునంతగా పేరుకొనును. వాలులపై బోదగడ్డి ఎండి పసుపుబారును. ఇక ఒక్క నిప్పురవ్వ చాలును. చీకటి పడిన పిమ్మట కొండమీద ఎర్రని దారమువలె ప్రాకుచున్న మంటల వరుసను చూచి, క్రింది గ్రామములవారు ‘అడవి అంటుకొన్నది’ అని చెప్పుకొందురు. మరునాటికి ఆ దారము కొండ ఆవలికి పోవును, లేదా ఆరిపోవును.

ఎంత మేర కాలినది? ఎన్ని దినములు కాలినది? ఏ చెట్లు చచ్చినవి, ఏవి బ్రతికినవి? నిరుడు కాలిన చోటనే ఈ యేడును కాలినదా? ఈ ప్రశ్నలకు వ్రాతమూలకమైన సమాధానము లభించినపుడే ఆ కార్చిచ్చు నమోదైనదని చెప్పవచ్చును. నేడు దేశములో ఈ నమోదు జరుగుచున్న తీరు ఎట్టిది, అందు మెచ్చదగిన దేమి, దిద్దుకొనదగిన దేమి అను విషయము విచారణీయము.

ఈ అడవి చరిత్ర

నాగార్జునసాగర్-శ్రీశైలము అడవులు 1978 లో వన్యమృగ సంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడి, 1983 లో పులుల సంరక్షణ పథకములో చేరినవి. 2014 లో రాష్ట్రము విడిపోయినపుడు కృష్ణకు ఉత్తరమున నున్న భాగము అమ్రాబాదు పేర తెలంగాణకు చెందినది. ఆంధ్రప్రదేశమునకు మిగిలిన భాగము సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు. అందు తూర్పు కొస పూర్వము గుంటూరు జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4 న నరసరావుపేట ముఖ్యపట్టణముగ పల్నాడు జిల్లా ఏర్పడిన నాటినుండి అది ఈ జిల్లాలో నున్నది. చట్టరీత్యా ఇది జాతీయోద్యానము కాకున్నను, విస్తీర్ణమునందు దేశములోని అనేక జాతీయోద్యానములకంటె పెద్దది. ఇంత అడవిలో రేగు ప్రతి మంటను కాలినడకన పోయి చూచుట కావలివాండ్రకు అసాధ్యము. కనుకనే ఆకాశమునుండి చూచు కన్ను అవసరమైనది.

ఆకాశమునుండి చూపు

వేడెక్కిన ప్రతి వస్తువును పరారుణ కిరణములను వెదజల్లును. వేడి హెచ్చినకొలది ఆ కిరణముల తరంగదైర్ఘ్యము తగ్గును. మామూలు నేల సుమారు 11 మైక్రాన్ల వద్ద ఎక్కువగా ప్రకాశించును. మండుచున్న అడవి 4 మైక్రాన్ల వద్ద మిక్కిలి ప్రకాశించును. ఉపగ్రహములోని సాధనము ఈ రెంటిని పోల్చి, చుట్టుపట్ల నేలకంటె ఏ గడి అసాధారణముగ వేడిగా నున్నదో గుర్తించి, ఆ గడి నడుమ ఒక చుక్క పెట్టును. ఇదియే ‘అగ్ని సూచన’.

డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి మోడిస్ అను సాధనముయొక్క చుక్కలను, 2017 నుండి వీర్స్ అను మరింత సూక్ష్మమైన సాధనముయొక్క చుక్కలను అటవీ ఉద్యోగులకు అందజేయుచు వచ్చినది. మోడిస్ గడి ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు. వీర్స్ గడి 375 మీటర్లు. హైదరాబాదుకు చేరువనున్న షాద్‌నగరులో జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహ సమాచారమును గ్రహింతురు. ఆ సూచన సరిహద్దు పటముతో సరిచూడబడి సంబంధిత ఉద్యోగి టెలిఫోనుకు చేరును. ఒకప్పుడు పశువుల కాపరి వచ్చి చెప్పినగాని తెలియని మంట ఇపుడు కొలది గంటలలో తెలియుచున్నది. మంటను ఆర్పుటకు పోవువానికి ఇంతకు మించిన సాయము లేదు. ఈ పనికి ఆ సంస్థను ఎంత మెచ్చుకొన్నను తగును.

చిక్కు మరియొక చోట నున్నది. మంటను ఆర్పుటకై పెట్టిన చుక్కలనే సంవత్సరాంతమున కూడి, ‘ఈ యేడు ఇన్ని కార్చిచ్చులు’ అని లెక్క చెప్పుట పరిపాటియైనది. పత్రికలు ఆ సంఖ్యనే శీర్షికలలో పెట్టును.

చుక్క వేరు, చిచ్చు వేరు

సంఖ్యలనే పరికింతము. 2020 నవంబరు మొదలు 2021 జూను వరకు వీర్స్ దేశములో 3,45,989 చుక్కలు చూపినది. అదే కాలమున మోడిస్ చూపినవి 52,785. అడవి అదే, వేసవి అదే, మంటలు అవే. కన్ను మాత్రము వేరు. ఒకటి రెండవదానికి ఆరున్నర రెట్లు చెప్పుచున్నది. దీనినిబట్టి చుక్కల సంఖ్య మంటల సంఖ్య కాదని తేటపడుచున్నది. మోడిస్ లెక్క ప్రక్కన వీర్స్ లెక్క నుంచి ‘పదేండ్లలో కార్చిచ్చులు ఇన్ని రెట్లు పెరిగినవి’ అనువారు, సాధనము మారిన సంగతి మరచిన వారే.

ఒకే సాధనముతో సరిపోల్చినను జాగ్రత్త వలయును. మాచర్ల కొండలలో మూడు కిలోమీటర్ల పొడవున మంటల వరుస సాగుచున్నదనుకొందము. వీర్స్ దాటిపోవు వేళ అది నిలువెల్ల మండుచున్నచో ఎనిమిది చుక్కలు పడును. మూడు దినములు కాలినచో ఇరువదికి పైగా పడవచ్చును. చిచ్చు మాత్రము ఒక్కటే. ఇందుకు మారుగా, సాయంకాలము ఎనిమిది చోట్ల ఎనిమిది చిన్న మంటలు రేగి అర్ధరాత్రికే ఆరిపోయినవనుకొందము. ఆ సాధనము వచ్చునది మధ్యాహ్నము ఒంటిగంటన్నర ప్రాంతమున, మరల రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతమున. రెండు రాకల నడుమ పుట్టి గిట్టిన మంటకు చుక్క లేదు. ఇట్లు ఒక చిచ్చు ఇరువదిగాను, ఎనిమిది చిచ్చులు సున్నగాను లెక్కకు రావచ్చును.

పల్నాటి అడవులలో మంట సాధారణముగ నేలబారున ప్రాకునది. చెట్ల కొనలకు ఎక్కునది కాదు. ఎండుటాకు గబగబ కాలి ఆరిపోవును. అట్టి మంట ఉపగ్రహమునకు దొరకుట మరింత కష్టము. మబ్బు అడ్డమైనచో అసలే కనబడదు.

చుక్క పడిన చోటును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. వీర్స్ గడి వైశాల్యము సుమారు 14 హెక్టారులు. చుక్క ఆ గడి నడుమ పడును. మంట ఆ గడిలో ఎచ్చటనైన నుండవచ్చును. ఉపగ్రహము ఏటవాలుగా చూచినపుడు గడి ఇంకను పెద్దదగును. అడవి అంచు చేనిలో రైతు పత్తికట్టె కాల్చినను, దాని చుక్క అడవిలో పడవచ్చును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల సీమలో వేడిగడి ఎల్లప్పుడు కార్చిచ్చే కానక్కరలేదని వేరుగ చెప్పనేల? సరిహద్దు పటముతో వడపోత చేయుదురు, నిజమే. వడపోతచే దూరపు తప్పులు పోవును. అంచులలోని తప్పులు నిలుచును.

కాలిన మేర

2024 డిసెంబరులో వెలువడిన అటవీ స్థితి నివేదిక ఈ లోపమును కొంత గుర్తించినట్లున్నది. అందు చుక్కలతోపాటు కాలిన నేల వైశాల్యముకూడ ఇవ్వబడినది. 2023-24 చుక్కల వరుసలో ఆంధ్రప్రదేశము 18,174 తో నాల్గవది; ఉత్తరాఖండము, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ దానికి ముందున్నవి. కాలిన వైశాల్యపు వరుసలో సుమారు 5,287 చదరపు కిలోమీటర్లతో ఆంధ్రప్రదేశమే మొదటిది. ఒకే గ్రంథములో ఒక కొలత ప్రకారము నాల్గవ స్థానము, మరియొక కొలత ప్రకారము మొదటి స్థానము! చుక్కలను మాత్రమే చూచి నిధులు పంచినచో ఎవరికి అన్యాయము జరుగునో పాఠకులే ఊహింపగలరు.

ఐనను వైశాల్యపు లెక్కకును చిక్కులున్నవి. పచ్చని ఆకు సమీప పరారుణ కిరణములను హెచ్చుగ తిప్పికొట్టును. కాలిన నేల తిప్పికొట్టదు. మంటకు ముందు పటమును, తరువాతి పటమును పోల్చి కాలిన మచ్చను గుర్తింతురు. పచ్చగానుండు అడవిలో ఇది చక్కగ పనిచేయును. నల్లమలవంటి ఆకురాలు అడవిలో, మంట లేకున్నను ఫాల్గుణమునాటికి ఆకు పోవును. పటములో ఆ మోడును కాలినట్లే తోచవచ్చును. బూడిద గాలికి కొట్టుకొనిపోయిన పిదప నిజముగ కాలినచోటు కాలనట్లు తోచవచ్చును. కావున నిరుటి అదే దినపు పటముతోను, ప్రక్కనే కాలక నిలిచిన అడవితోను సరిపోల్చనిదే తీర్పు చెప్పరాదు.

అమెరికాలోని ఎల్లోస్టోన్ ఈ విషయమున మంచి పాఠము. 1988 వేసవిలో అచట చెలరేగిన చిచ్చును లోకమంతయు చూచినది. మంట చుట్టుగీత లోపలి నేలంతయు కాలినదనియే చాలమంది తలచిరి. శ్రద్ధగ పటము గీయగా, ఉద్యానములో కాలినది సుమారు 7,94,000 ఎకరములనియు, అనగా నూటికి 36 వంతులనియు తేలినది. చుట్టుగీత లోపల బొత్తిగ కాలనివి, నేలమాత్రమే కాలినవి, నిలువున మాడినవి అను భాగములు బొంతకుట్టువలె కలిసియుండెను. తరువాత అడవి ఎట్లు చిగిర్చినదో తెలియుటకు ఆ బొంత పటమే ఆధారమైనది.

వ్రాయవలసినది

మనదేశమున ప్రధానముగ లోపించుచున్నది నేలమీది వ్రాత. చుక్క చూచి పోయిన ఉద్యోగి అచట మంట నిజముగ నుండెనా లేదా అని వ్రాయవలెను. లేనిచో ‘లేదు’ అనియే వ్రాయవలెను. లేదను వ్రాతలు పోగైనగాని ఉపగ్రహపు తప్పు ఎంతయో తేలదు. కాలిన మేర చుట్టును నడచి, చేతి సాధనముతో సరిహద్దు గుర్తించుట రెండవ పని. బోదెలపై మసి ఎంత ఎత్తున నున్నది, నేలపై ఆకుపొర ఎంత మిగిలినది, నడుమ కాలని తావులెన్ని అనునవి వ్రాయుట మూడవది. కొన్ని చోట్ల గుర్తురాళ్లు పాతి, ఏటేట అదే చోటికి పోయి మొలకలను లెక్కించుట నాల్గవది. ఇందుకు గొప్ప యంత్రములు అక్కరలేదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులు అటవీశాఖవారి అనుమతితో ఇందు పాలుపంచుకొనవచ్చును. పాత లెక్కలకును మార్గము కలదు: 1984 నుండి లాండ్‌శాట్ ఉపగ్రహములు 30 మీటర్ల గడులతో తీసిన పటములు ఎవరికైనను ఉచితముగ దొరకుచున్నవి. ఏ కొండవాలు నలువది ఏండ్లలో ఎన్నిమార్లు కాలినదో వానినుండి చాలవరకు రాబట్టవచ్చును.

ఇంత శ్రమ ఏల యను ప్రశ్న రావచ్చును. ముదురు నల్లమద్ది బెరడు దళసరిది, నేలమంటకు చావదు. దాని మొలక చచ్చును. ఐదారేండ్ల కొకమారు కాలినచో మొలక తప్పించుకొని మానగును. ఏటేట కాలినచో పెద్దచెట్లు నిలిచియే యుండును, అడవి పచ్చగనే కనబడును. క్రింద వారసులు మాత్రము ఉండరు. ఒక తరము చెట్లు పడిపోయిననాడు అచట ముండ్లపొదలు మిగులును. ఏ చోటు ఎన్నిమార్లు కాలినదో వ్రాసియుంచనివారికి ఆ నష్టము ముందుగ తెలియదు.

ఇక మనుష్యుల సంగతి. కార్చిచ్చు కారకులెవరన్నపుడు వ్రేళ్లు తరచు చెంచులవైపును, పశువుల కాపరులవైపును చూపును. నిప్పు మనిషిచేతనే పుట్టుట మన అడవులలో సాధారణము, నిజమే. ఐనను 14 హెక్టారుల గడిలో ఒక చుక్క పడి, ఆ గడి ప్రక్క ఒక గూడెమున్నంతమాత్రమున ఆ గూడెము దోషి కానేరదు. మంట ఎచట పుట్టినది, ఎటు ప్రాకినది, ఎన్నడు అంటుకొన్నది అను వ్రాత ఉన్నచో నిర్దోషి బయటపడును, దోషియు తేలును. వ్రాత లేనిచోట నోరులేనివానిమీదనే నేరము నిలుచును.

ఉపగ్రహము మంట ఉన్నదని చెప్పును. కాలినదేమో నడచిపోయినవాడే చెప్పగలడు. రెండును ఒకే పుస్తకములో ఎక్కినగాని పల్నాటి అడవికి అగ్నిచరిత్ర ఏర్పడదు. రాబోవు నివేదికలలో చుక్కల సంఖ్య ప్రక్కన, వానిలో ఎన్నిటిని నేలమీద సరిచూచిరో తెలుపు సంఖ్య ఒకటి అచ్చుపడినచో, ఆ మార్పు చిన్నదైనను మేలు గొప్పది.