ఫార్మాట్ కొట్టుటకు ముందు

భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల వైపు అడవి అంచున నున్న ఊళ్లలో, పిల్లల చదువు కొరకో, ఇంటిపట్టున డీటీపీ పని చేసికొనుట కొరకో పది పన్నెండేండ్ల క్రిందట కొన్న కంప్యూటర్లు ఇంకను పెక్కు పనిచేయుచున్నవి. వానిలో ఒకటి మందగించినదని చెప్పగానే వినవచ్చు మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, మళ్లీ పరుగెడుతుంది." ఈ సలహా నాకు సమ్మతము కాదు. ప్రాసెసరు ఆనాడు ఎంత వేగముతో లెక్కలు కట్టెనో, చల్లదనము చాలినంతవరకు నేడును అంత వేగముతోనే కట్టగలదు. దాని కాలము పనిలో గాక నిరీక్షణలో వ్యయమగుచున్నది. అది దేనికొరకు వేచియున్నదో కనిపెట్టుటయే ఈ విద్యలోని సారమంతయు.

అంతకు ముందు ఆ చల్లదనము మాట: మా ప్రాంతమున మొదట పరీక్షింపవలసినది ధూళి. కొత్తగూడెము, మణుగూరు గనుల నుండి బొగ్గు లారీలు పోవు దారుల వెంబడి ఇండ్లలో పడు దుమ్ము నల్లనిది, మిక్కిలి సన్ననిది. దానికి గోదావరి గాలిలోని తేమ తోడైనప్పుడు పట్టినచోటు విడువదు. క్యాబినెట్ పలక విప్పి, ప్రాసెసరుపైనున్న ఫ్యానును ఊడదీసి చూచినచో, దాని క్రింది అల్యూమినియము రేకుల సందులు కంబళిముక్క పరచినట్లు పూడుకొనియుండును. ఒక్కొక్కప్పుడు మూలన బల్లిగ్రుడ్ల పెంకులును కనబడును. ఫ్యాను తిరుగుచునే యుండును గాని గాలి చొరదు. వెలుపల 45 డిగ్రీలు దాటు మే నెల మధ్యాహ్నమున ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. ఉదయము చురుకుగా నుండి మధ్యాహ్నము మొరాయించు యంత్రమును చూచినప్పుడు నాకు మొదట అనుమానము కలుగునది ఈ రేకుల మీదనే.

శుభ్రము చేయుటకు పెద్ద సామగ్రి అక్కరలేదు. కరెంటు తీగ తీసివేసి, క్యాబినెట్ ఇనుమును ఒకమారు చేతితో తాకి, మెత్తని బ్రష్షుతో దుమ్ము సడలించి, బ్లోయరుతో ఊదవలయును. ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనుట మరువరాదు. ప్రాసెసరుపై ఎండి పెళుసెక్కిన పేస్టును స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచి, పెసరగింజంత క్రొత్త పేస్టు పెట్టినచో చాలును. 2022 జూలైలో గోదావరి భద్రాచలము వద్ద 71.3 అడుగులకు పెరిగినప్పటివలె గోడలు చెమ్మగిల్లు కాలమున, ర్యామ్ పలకల అంచునందలి బంగారుపూత గీతలపై పొర పట్టి సిస్టమ్ లేవకపోవుటయు కలదు. పిల్లల పెన్సిలు రబ్బరుతో ఆ గీతలను మెల్లగా రుద్ది తిరిగి బిగించిన పిమ్మట, "బోర్డు పోయింది" అనిపించుకొన్న యంత్రములు మరల లేచుట నేను కన్నులార చూచితిని.

ఇక హార్డ్‌డిస్కు. నిమిషమునకు 7,200 మారులు, అనగా సెకనుకు 120 మారులు తిరుగు పళ్లెము మీద సూదివంటి చేయి అటునిటు జరుగుచు, చెల్లాచెదరుగా నున్న చిన్న ముక్కలను సెకనుకు సుమారు నూరింటికి మించి ఏరజాలదు. నేటి విండోస్ తెరచుకొనుటకే వేలకొలది ముక్కలు కావలెను. తిరుగు భాగములే లేని ఎస్ఎస్‌డీ అదే సెకనులో వేలకొలది అందించును. డిస్కును బోర్డుకు కలుపు పాత సాటా మార్గము నెమ్మదిదైనను లాభము తగ్గదు, ఏలయన పోవుచున్న కాలము ముక్కలను మోయుటలో గాక వెదకుటలో పోవుచున్నది. చేతిలో కొద్దిపాటి సొమ్మే యున్నచో దానిని దీనికే వెచ్చింపుడని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ర్యామ్ తరువాతి మాట: 4 జీబీని 8 జీబీ చేసికొనుట మంచిదే, కాని డీడీఆర్3 బోర్డులో డీడీఆర్4 పలక కూర్చొనదు.

ఫార్మాట్ పట్ల నాకుగల భయమునకు వేరొక కారణము కలదు. కోయ పాటలను ఏండ్ల తరబడి సేకరించి 'అను' అనెడి తెలుగు ఫాంట్లలో టైపు చేసి యుంచుకొన్న ఉపాధ్యాయుడొకరు నాకు మిత్రులు. ఆ ఫాంటు లేనిచోట ఆ పాటలు అర్థములేని గుర్తులై కనబడును. సీ డ్రైవును తుడిచివేయువారు డెస్కుటాపు మీది ఫైళ్లనేమి, ఫాంట్లనేమి, దేనిని గూర్చియు అడుగరు. కనుక పాత డిస్కును తుడువక ఎస్ఎస్‌డీకి ప్రతి తీయించి, పాతదానిని బీరువాలో దాచుటయే సరి. పాటలను యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు గాని, మార్చిన పిదప ఒత్తులను ఒక్కొక్కటిగా సరిచూడక తప్పదు.

ఇక ఈ యంత్రములను నడుపు విండోస్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 టీపీఎమ్ 2.0 అను భద్రతా చిప్పును, క్రొత్త తరము ప్రాసెసరును కోరును గనుక ఈ యంత్రములను అధికారికముగా ఒప్పుకొనదు. బ్రౌజరు, ఉత్తరములు, పిల్లల పాఠములు మాత్రమే కావలసిన యింటికి విండోసుకు బదులు లినక్స్ మింట్ చక్కగా నప్పును. లినక్సులో తెలుగు కనబడుటకు హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు పడిన శ్రమయు తక్కువది కాదు. డీటీపీకి వాడు పేజిమేకరు మీద జీవించువారు మాత్రము విండోసునే యుంచుకొని, ఆ యంత్రమునకు ఇంటర్నెట్టు తగిలింపక, వచ్చిన పెన్‌డ్రైవునెల్ల వేరొక సిస్టమ్ మీద పరీక్షించిన తరువాతనే దానికి పెట్టవలయును.